ప్రత్యామ్నాయ నాసిక

ఆ పొద్దున ఆకాశం బోర్లించిన కొత్త సత్తు గిన్నెలాగా ఉంది. ఒక్క మబ్బు తునక లేదు. గాలి కూడా లేదు. గాలివాటం చూసేందుకు రన్‌వే పక్కన కట్టిన గుడ్డ తడిసిన పంచెలాగా వేలాడుతోంది. విమానం నడిపేవాడికి ఇంతకంటే మంచి రోజు ఉండదు. అందుకే కెప్టెన్ సుంకన్నకు అనుమానం వచ్చింది. పద్నాలుగేళ్ల ఉద్యోగంలో అతడికి వచ్చిన ఇబ్బందులేవీ మబ్బుల్లోంచి రాలేదు. అన్నీ జీపుల్లోంచే దిగాయి.

ఆ వేళ కూడా జీపు వచ్చింది.

గుట్టపల్లె విమానాశ్రయమంటే ఒక రన్‌వే, ఒక రేకుల షెడ్డు, ఒక అచ్చమ్మ సంగటి కొట్టు, ఒక విమానం. విమానంలో వెనక తొమ్మిది సీట్లు, ముందర రెండు. ముందరి వాటిలో ఒకదాంట్లో సుంకన్న కూర్చుంటాడు. రెండోదాంట్లో అతడి అన్నం క్యారియరు కూర్చుంటుంది. రోజుకొకసారి ఈ విమానం రాజధానికి పోయి తిరిగొస్తుంది.

సుంకన్న గొర్రెలు మేపిన వాళ్ల ఇంట్లో పుట్టాడు. ఎక్కువ మాట్లాడడు. నేల మీద ఉన్నంతసేపూ ఎవరికో ఒకరికి జవాబు చెప్పుకుంటూ ఉండాలి. పైకి లేచాక ఆ బాధ లేదు. ఆ గంటన్నర కోసమే అతడు మిగతా ఇరవై రెండున్నర గంటలూ ఓర్చుకునేవాడు. తొమ్మిదో తరగతిలో నల్లబల్ల మీది లెక్కలు కనిపించక పెట్టుకున్న మైనస్ రెండున్నర అద్దాలే ఇప్పటికీ అతడి ముక్కు మీద ఉన్నాయి. అందుకని అతడి లైసెన్సులో ఒక వాక్యం రాసి ఉంది: విమానము నడుపునప్పుడు కంటద్దములు ధరించవలెను, మరియొక జత తక్షణ వినియోగమునకు సిద్ధముగా ఉంచుకొనవలెను. ఆ మరో జత పద్నాలుగేళ్లుగా అతడి చొక్కా జేబులో పెట్టెలో పడుకొని ఉంది.

జీపు దిగిన పెద్దమనిషి పేరు పరాంకుశం. గగన నేత్ర భద్రతా విభాగానికి సంచాలకులు. ఆయన అద్దాలు సోడాబుడ్డి అడుగంత మందం.

"అదనపు జత చూపించండి," అని స్టాప్‌వాచీ నొక్కారు.

సుంకన్న జేబు బొత్తాం విప్పి, పెట్టె తీసి, బిగుసుకున్న మూతతో తంటాలు పడి, అద్దాలు తీసి పెట్టుకున్నాడు. పదకొండు సెకన్లు పట్టింది.

"మీ విమానం వేగమెంత?"

"గంటకు మూడు వందల కిలోమీటర్లు సార్."

పరాంకుశం గారు కాగితం మీద గుణించారు. "తొమ్మిది వందల పదహారు మీటర్లు. అనగా మీరు బొత్తాం విప్పుకొనుచున్నంతసేపూ ఈ విమానం సుమారొక కిలోమీటరు దూరం దృష్టిరహితంగా పయనిస్తుంది."

"పద్నాలుగేండ్లలో ఒకసారన్నా జారల్యా సార్."

"అది అదృష్టం. అదృష్టానికి మా శాఖలో ఫారం లేదు. పెట్టెలో ఉన్న అద్దాలు సిద్ధంగా ఉన్నట్లు కాదు కెప్టెన్. ముక్కు మీద ఉన్నవే సిద్ధంగా ఉన్నట్లు."

మొదట రెండు జతలూ సుంకన్న ముక్కు మీదే ఒకదానిపై ఒకటి పెట్టి చూశారు. పవరు రెండింతలై, షెడ్డు ఎక్కడుందో అతడికి తెలియలేదు. పరాంకుశం గారు కాసేపు ఆలోచించి, నిట్టూర్చి, మరో ముక్కు కావాలన్నారు.

పది రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. 'ప్రత్యామ్నాయ నాసిక' పేరుతో ఒక పోస్టు మంజూరైంది. ఆ పోస్టులో ఉన్నవాడు కెప్టెన్ పక్క సీట్లో కూర్చుని, అదనపు జతను సదా తన ముక్కుపై ధరించి, అవసరం వచ్చిన క్షణంలో తీసి అందించాలి. ధారకుడి ముక్కు కెప్టెన్ ముక్కుకు సమానంగా ఉండాలి. లేకుంటే అద్దాల కాళ్లు వంకరపోతాయి. ఇందుకోసం ముగ్గురు సభ్యుల కమిటీ టేపు పట్టుకొని ఊళ్లో ఇంటింటికీ తిరిగింది. జలుబు చేసినవాళ్లను వారం ఆగి మళ్లీ కొలిచారు.

ముక్కు కుదిరింది కంబగిరికి. సుంకన్నకు వరసకు మామ. వయసు యాభై అయిదు. విమానాశ్రయంలో అతడి పని మేకలు తోలడం. విమానం లేచే ముందూ దిగే ముందూ రన్‌వే మీద మేకలు లేకుండా చూస్తాడు. షెడ్డు దగ్గర నిలబడి గుట్ట కింది మంద చూసి, అందులో ఏ మేక ఎవరిదో చెప్పగలడు. మేకలు తోలే పోస్టు ఖాళీ అయిందని, దానికి మనిషి కావాలని సుంకన్న ఒక కాగితం రాసి పంపాడు. అది నేత్ర విభాగానికి సంబంధించినది కాదని తిరిగొచ్చింది.

కంబగిరి అద్దాలు పెట్టుకొని సీట్లో కూర్చున్నాడు.

"ఎట్లుంది మామా?" అన్నాడు సుంకన్న.

"ఊరంతా నీళ్లలో మునిగిపోయినట్లుందల్లుడూ. అది గుట్టేనా?"

"గుట్టే."

"అయితే నేను బాగుండా."

విమానంలో డ్యూటీ మీద కూర్చునే ప్రతివాడూ కంటి పరీక్ష నెగ్గాలన్న రూలు ఒకటుంది. కంబగిరిని పరీక్షించారు. విధి నిర్వహణలో ఎలా ఉంటాడో అలాగే పరీక్షించాలి కనుక మైనస్ రెండున్నర అద్దాలతోనే పరీక్షించారు. పటంలో పెద్ద అక్షరం కూడా కనిపించలేదు. 'ధారకుడికి దృష్టిలోపం' అని రాశారు. విరుగుడుగా ప్లస్ రెండున్నర అద్దాలు రాసిచ్చి, ఆ అద్దాల మీద ఈ అద్దాలు పెట్టారు.

"ఇప్పుడెట్లుంది?" అన్నారు పరాంకుశం గారు.

"అద్దాలు పెట్టకముందు ఎట్లుండెనో అట్లనే ఉంది సార్."

"మా చర్య ఫలించిందన్నమాట," అని ఆయన సంతోషంగా రాసుకున్నారు.

అక్కడితో ఆగితే అది విభాగమెలా అవుతుంది? కంబగిరి ఇప్పుడు అద్దాలు అవసరమైన సిబ్బంది. కాబట్టి అతడి ప్లస్ రెండున్నరకు కూడా ఒక అదనపు జత, దానికొక ముక్కు. మంచి కండ్లకు ప్లస్ రెండున్నర పెడితే దూరమంతా అలుక్కుపోతుంది కనుక ఆ రెండో మనిషికి మళ్లీ మైనస్ రెండున్నర. దానికొక అదనపు జత. దానికి మూడో ముక్కు. సీట్లు అయిపోయేదాకా ఇలా సాగింది. చట్టం ఎక్కడ ఆగాలి అన్న ప్రశ్నకు, 'విమానపు తోక వద్ద' అని విభాగం స్పష్టత ఇచ్చింది.

వెనక కూర్చునే తొమ్మిది మందికి ఒక అర్హత పెట్టారు: విమానంలో వాంతి చేసుకోకూడదు. ఆ అర్హత గుట్టపల్లెలో ఎవరికుంటుంది? రోజూ విమానమెక్కేవాళ్లకే ఉంటుంది. అలా చింతపండు వ్యాపారి ఖాజాపీరా, హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్ ఫిలోమినమ్మ, ఇంకా నిన్నటిదాకా టిక్కెట్టు కొనుక్కొని ఎక్కినవాళ్లందరూ ధారకులైపోయారు. తోక దగ్గరి సీటు మాత్రం మిగిలింది. అది అచ్చమ్మకు వచ్చింది. అచ్చమ్మ ఎన్నడూ విమానమెక్కలేదు కనుక ఆమె వాంతి చేసుకున్నట్టు దాఖలా లేదు.

కాబట్టి మరుసటి నెల నుంచి విమానంలో పాత మనుషులే, పాత సీట్లలోనే, టిక్కెట్టు లేకుండా, ముక్కు మీద రెండేసి జతల అద్దాలతో ప్రయాణం చేశారు. ఖాజాపీరా ఆ ధైర్యంతో రాజధానిలో ఒక చిన్న కొట్టు తెరిచాడు. "అద్దాలు బరువే కెప్టెన్ సాబ్," అనేవాడు ముక్కు రుద్దుకుంటూ. "కానీ టిక్కెట్టు అంతకంటే బరువు."

మూడు నెలలకు విభాగం నివేదిక అచ్చయింది. గుట్టపల్లె సర్వీసులో ప్రయాణికుల భద్రత నూటికి నూరు శాతం. ఎందుకంటే ప్రయాణికులు లేరు.

ఆ నివేదిక చదివిన పై శాఖవాళ్లు ఇంకో కాగితం పంపారు. ప్రయాణికులు లేని సర్వీసు నడపనక్కర్లేదని; ఇందుకు మూలకారణం కెప్టెన్ కండ్లని; ఏడాది చివరికల్లా ఆ కండ్లు బాగుచేసుకోకపోతే సర్వీసు మూసి, కెప్టెన్‌ను రాజధానిలో ఫైళ్ల గదికి బదిలీ చేస్తామని.

సుంకన్న ఆ కాగితాన్ని మూడుసార్లు చదివాడు. ఫైళ్ల గదికి కిటికీ ఉండదని అతడికి తెలుసు. జీపులో వచ్చిన పరాంకుశం గారి దగ్గరికి పోయి, "కంట్లో పెట్టుకునే లెన్సు పెట్టుకుంటా సార్. అప్పుడీ అద్దాల గోల ఉండదు గదా," అన్నాడు.

"శుభం. కంటి లోపలి కటకాలకు మా అభ్యంతరం ఏమీ లేదు. కాకపోతే అదనపు జత సిద్ధంగా ఉన్న కంటిలో ఉండాలి. అవసరమైన క్షణంలో ధారకుడి కంటి నుండి తీసి మీ కంటిలో…"

కంబగిరి రెండు చేతులతో నాలుగు అద్దాలూ మూసుకున్నాడు. సుంకన్న ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఇక మిగిలింది ఆపరేషన్. సెలవు పెట్టి పట్నం పోయి, కంటి డాక్టరు వహీదమ్మను కలిశాడు. ఆమె నల్లగుడ్డు మీది పొర మందం కొలిచి, పవరు చాలా ఏళ్లుగా మారలేదని చూసి, లేజరు చేయవచ్చంది.

"అద్దాలతో బాగానే కనిపిస్తోంది కదా. మరి ఎందుకింత తొందర?"

"పదిమందిని దించాల డాక్టరమ్మా."

ఆమెకు అర్థం కాలేదు. ఒక్కో కంటికి వెలుతురు పడింది ఇరవై సెకన్లు కూడా లేదు. జేబులోంచి పెట్టె తీసే పని కంటే కొంచెం ఎక్కువ. ఆ తర్వాత మూడు నెలలు చుక్కల మందు, నల్లద్దాలు, మళ్లీ మళ్లీ పరీక్షలు. ఈ మూడు నెలలూ విమానం షెడ్డులో కదలకుండా ఉంది. ధారకులు మాత్రం రోజూ వచ్చి అందులో కూర్చున్నారు. హాజరు అక్కడే వేస్తారు. ఫిలోమినమ్మ జవాబు పత్రాలు దిద్దుకునేది. ఖాజాపీరా కిటికీలోంచి చింతపండు అమ్మాడు.

చివరి పరీక్షలో సుంకన్న పటంలోని ఆఖరి వరస గడగడా చదివాడు. బయటికొచ్చి చూస్తే ఎదుటి మేడ మీద ఆరేసిన చీర అంచు, ఆ అంచు మీది పురుగు కనిపించాయి. అతడు బస్టాండు దాకా అడ్డొచ్చినవన్నీ చూసుకుంటూ నడిచాడు. రెండు బస్సులు పోయాయి.

డాక్టరు సర్టిఫికెట్టును పరాంకుశం గారు వెలుతురుకు పెట్టి చూశారు. అప్పటికి ఏడాది చివరికి మూడు రోజులుంది.

"కండ్లు బాగయ్యాయి. సంతోషం. లైసెన్సు బాగవలేదు. అందులో అద్దాలు ధరించవలెను అని ఉన్నది."

"ఆ మాట కొట్టేయండి సార్."

"కొట్టివేయుటకు మీరు అద్దాలు లేకుండా ఒకసారి విమానం నడిపి చూపాలి."

"నడుపుతా సార్."

"అద్దాలు లేకుండా నడిపితే షరతు ఉల్లంఘన. లైసెన్సు రద్దు."

సుంకన్న ఆయన ముఖంలోకి చూశాడు. అందులో కొంటెతనం ఏమీ లేదు. ఆ మనిషి నిజంగానే బాధపడుతున్నాడు.

"పాతవి పెట్టుకుంటే నాకు గుట్ట కూడా కనపడదు ఇప్పుడు," అన్నాడు సుంకన్న.

కంబగిరి పక్కనుంచి దగ్గాడు. "నా కండ్లు ఎప్పుడూ మంచివే గదల్లుడూ. నేను ఎట్ల చూస్తాండా? ఒకటి పెట్టు, దాని మీద ఇంకోటి పెట్టు. రూలుకు అద్దాలుంటాయి, నీకు చూపుంటుంది."

అందరూ ఒప్పుకున్నారు. పరాంకుశం గారు ప్రత్యేకాధికారాలు ఉపయోగించి, ఇలా ఒకసారి ఎగిరి రావడానికి అనుమతి ఇచ్చారు. తాము స్వయంగా పరిశీలకులుగా ఎక్కి, వీలైతే ఏదో ఒక దారి ఆలోచిస్తామన్నారు. ఆయనకు సీటు కావాలి కనుక ఆ ఒక్క పూటకు అచ్చమ్మను దించారు. దిగినా ఆమె డ్యూటీలోనే ఉన్నట్టు లెక్క, అద్దాలు తీయకూడదు. నాలుగు అద్దాలతోనే పోయి పొయ్యి మీద ఎసరు పెట్టింది.

విమానం లేచింది. గుట్టలు చుట్టి, చెరువు మీదుగా తిరిగి, దిగడానికి వంగింది. ఎండ నేరుగా ముఖం మీద పడుతోంది. సుంకన్న నుదుటి చెమట రెండు అద్దాల మధ్యకు దిగి ఆవిరిలా కమ్మింది. ముందున్నదంతా మజ్జిగలో చూసినట్టుంది.

"అల్లుడూ, రన్‌వే మీద ఏమో ఉండాది," అన్నాడు కంబగిరి.

"ఏముంది?"

కంబగిరి తన రెండు జతలూ నెత్తి మీదికి తోసి చూశాడు. "మేకలు. ఈరన్నోళ్లవి. ఒంటికొమ్ముది ముందర నిలబడుకోనుండాది."

"తోలేటోడు యాడ పోయినాడు?"

"నేనే గదప్పా. ఈడుండా."

సుంకన్న రెండు జతల అద్దాలూ ఒక్క గుంజు గుంజి పక్కన పడేశాడు. పద్నాలుగేళ్లలో మొదటిసారి ఆకాశంలోంచి ఉత్త కండ్లతో నేలను చూశాడు. ఒంటికొమ్ము మేక నోట్లో పచ్చటి రెమ్మ కూడా కనిపించింది. అది నమలడం ఆపి అతడినే చూస్తోంది. విమానాన్ని ఎత్తాడు. వెనక సీట్లలో అందరి కడుపులూ ఒకేసారి కిందికి జారాయి. ఉత్తర్వులో ఉన్నట్టే ఎవరూ వాంతి చేసుకోలేదు. మోతకు మేకలు చెదిరిపోయాయి. రెండోసారి తిరిగొచ్చి, పడుకున్న పసిబిడ్డను దించినంత మెత్తగా విమానాన్ని దించాడు.

అందరూ రెక్క నీడలో నిలబడ్డారు. పరాంకుశం గారు మెట్లు తడుముకుంటూ దిగారు. ఆయన ముక్కు మీద ఏమీ లేదు. విమానం ఎగిరిన ఎగురుకు అద్దాలు ఎక్కడో పడిపోయాయి.

"కెప్టెన్, మీరు అద్దాలు తీసితిరా?"

"తీసినా సార్. రెండుసార్లూ ఉత్త కండ్లతోనే చూసుకుంటి."

"మీరు చెప్పినది ఉల్లంఘనకు సాక్ష్యం కాదు. ప్రత్యక్ష సాక్షి కావాలి. నాకా, ఏమీ కనిపించలేదు." ఆయన గాలిలోకి చూస్తూ లెక్క చెప్పుకున్నారు. "మీలో ఏ ఒక్కరు చూచి ఉన్నా లైసెన్సు రద్దు. ఎవరూ చూడనిచో ఉల్లంఘన లేదు. అయితే అద్దాలు లేకుండా నడిపితినన్న కెప్టెన్ మాటను అర్హత ఫారంలో స్వీకరించవచ్చును. ఉల్లంఘనకు సాక్షి ఉండాలి, అర్హతకు స్వీయ ప్రకటన చాలు. రెండూ వేరు వేరు ఫారాలు. అప్పుడు షరతు తొలగును." కొంచెం ఆగి అన్నారు: "ధారకుల పోస్టులు కూడా తొలగును. ఇప్పుడు చెప్పండి. ఎవరైనా చూచితిరా?"

సుంకన్న ఎవరి వైపూ చూడలేదు. నేల చూశాడు.

"నేను మేకల్ని చూస్తాంటి సార్," అన్నాడు కంబగిరి. "మావాడి మొగం చూళ్లేదు."

"నేను ప్రార్థన చేసుకుంటున్నానండి. కండ్లు మూసుకొని," అంది ఫిలోమినమ్మ.

వరసగా ఒక్కొక్కరూ చూడలేదన్నారు. ఖాజాపీరా వంతు వచ్చింది. అతడు ముక్కు రుద్దుకున్నాడు. రాజధాని ఉన్న దిక్కుకు ఒకసారి తిరిగాడు. అక్కడ అతడి కొట్టు ఉంది.

"నా కాలి కింద ఏందో పటపటమన్నాది సార్," అన్నాడు. "వంగి అదే చూసుకుంటాంటి."

"ఏమిటది?"

"మీ అద్దాలు సార్."

పరాంకుశం గారు చేయి చాస్తే అందులో రెండు కాళ్లూ, కొంచెం గాజుపొడీ పెట్టాడు. ఆయనకు అదనపు జత లేదు. ఆ రూలు విమానం నడిపేవాళ్లకే. ధారకులు తొమ్మిది మందీ తమ అద్దాలు తీసి అందించారు. పద్దెనిమిది జతల్లో ఒక్కటీ ఆయనకు సరిపోలేదు.

"సరే. ఫారం మీరే చదవండి కెప్టెన్. చిన్న అక్షరాలు. కనిపిస్తున్నవా?"

"కనపడతాండాయి సార్," అని సుంకన్న ఫారం అందుకున్నాడు. ముఖం దగ్గర పెట్టుకున్నాడు. కొంచెం దూరం జరిపాడు. ఇంకొంచెం జరిపాడు. నలభై నాలుగేళ్ల కండ్లకు మేక నోట్లోని రెమ్మ కనిపించినంత సులువుగా దగ్గరి అక్షరం కనిపించడం లేదు. చేయి పూర్తిగా చాచి చదివాడు. కంబగిరి అది చూశాడు. చూసి గుట్ట వైపు తిరిగాడు.

సుంకన్న ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట వదలకుండా చదివి, ఆయన వేలు పట్టుకొని సంతకం చోట పెట్టాడు. పరాంకుశం గారు సంతకం చేశారు. అది గీత దాటి పోయింది గానీ సంతకమే.

అచ్చమ్మ వచ్చి సంగటి అయిందని చెప్పింది. జరిగింది ఎవరో చెవిలో చెప్పారు. ఆమె తన అద్దాలు తీసి కొట్టు గూట్లో పెట్టి, ఆకులు వేసింది. అందరూ రెక్క నీడలోనే కూర్చున్నారు. ఒక్కో ఆకులో సంగటి ముద్ద, పుల్లగూర, నంజుకోవడానికి చెనక్కాయల ఊరిబిండి. అందరి ముక్కుల మీదా రెండేసి ఎర్రటి మచ్చలున్నాయి. రేపటి నుంచి ఎవరి టిక్కెట్టు వాళ్లదని అందరికీ తెలుసు. దూరంగా మేకలు మళ్లీ ఒక్కొక్కటే రన్‌వే ఎక్కుతున్నాయి. ఈ పూటకు ఎవరూ తోలలేదు.

పరాంకుశం గారి చేయి ఊరిబిండి కోసం ఆకులో లేని చోట వెతుకుతోంది. కంబగిరి తన ముద్ద నములుతూ, ఎడమ చేత్తో ఆ ఆకును ఆయన చేతి కిందికి జానెడు జరిపాడు.